మంత్రిగారూ, మా అమ్మ ఖాతా బుక్కు ఒకసారి చూడండి

తెలంగాణ రాష్ట్ర పురపాలక శాఖ మంత్రిగారికి నమస్కారం.

ఈ శాఖ ఇవాళ ఒకరి దగ్గర ఉంటుంది, రేపు ఇంకొకరి దగ్గరికి పోతుంది. అందుకే పేరు పెట్టి రాయడం లేదు. ఆ కుర్చీలో ఎవరుంటే వారికే ఈ ఉత్తరం.

నేను పుట్టి పెరిగింది సూర్యాపేటలో. 2002లో పెళ్లయి ఇంకో పట్నానికి వచ్చాను. మా అమ్మ 1995 నుంచి ఐదేళ్లు సూర్యాపేటలో వార్డు కౌన్సిలర్‌గా చేసింది. పేపర్లో ఆమె ఫొటో ఎన్నడూ రాలేదు. ఊళ్లో ఏ శిలాఫలకం మీదా ఆమె పేరు పెద్దక్షరాల్లో లేదు. కానీ ఆ ఐదేళ్లలో ఆమె రాసుకున్న పుస్తకం ఒకటి ఇప్పుడు నా ముందు ఉంది. పోయిన నెల ఇంటికి పోయినప్పుడు అటక మీద నుంచి దింపి, దుమ్ము దులిపి, అమ్మని అడిగి తెచ్చుకున్నాను. ఈ పుస్తకం సంగతి చెప్పి, మిమ్మల్ని ఒకటి అడగాలని కూర్చున్నాను. కాస్త పొడుగవుతుంది. ఓపిక పట్టండి.

మా చిన్నప్పుడు సూర్యాపేట అంటే రోడ్డే. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే తొమ్మిదో నంబరు హైవే ఊరి నడుమ నుంచే పోయేది. ఇప్పుడు దాని నంబరు అరవై ఐదు. రాత్రి బస్సులు ఆగితే హోటళ్ల ముందు ట్యూబులైట్లు, చాయ్ గ్లాసుల చప్పుడు, "పది నిమిషాలు ఆగుతది" అని కండక్టర్ కేక. నిద్రలో ఉన్నా ఆ కేక నాకు వినపడేది. మా ఇల్లు ఆ రోడ్డుకి రెండు గల్లీల లోపల. ముందు మడిగెలో నాయిన కిరాణా దుకాణం, దాని పక్కన అరుగు, వెనక రెండర్రలు, వాకిలి, ఎండాకాలంలో ఎండిపోయే ఒక చేదబావి.

రాజకీయం మా ఇంట్లో మనిషిలాగే ఉండేది. సూర్యాపేట ప్రాంతం సాయుధ పోరాటం నడిచిన గడ్డ, మీకు తెలియనిది కాదు. మా తాత చచ్చేదాకా ఎర్రజెండా మనిషి. సంఘం రోజులు, దొరల గడీలు, రాత్రిపూట చేలగట్ల వెంట నడిచిన నడకలు, ఇవే ఆయన మాకు చెప్పిన కథలు. నాయిన 1983లో ఎన్టీఆర్ వెంట పోయాడు. చిన్నాయన కాంగ్రెస్. ఓట్ల రోజుల్లో ముగ్గురికీ మాటలుండేవి కావు. అయినా ముగ్గురికీ నాయనమ్మ ఒకే పొయ్యి మీద వండేది, ఒకే వరసలో కూర్చోబెట్టి పెట్టేది. తాత చారు కావాలంటే చిన్నాయన మాట్లాడకుండా గిన్నె జరిపేవాడు. నాకు తెలిసిన మొదటి రాజకీయ పాఠం ఆ గిన్నె జరపడమే.

రెండేళ్లకోసారి దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర వచ్చేది. లింగమంతుల స్వామి దగ్గరికి పోయే జనం, "ఓ లింగా ఓ లింగా" అన్న కేకలు, కాళ్లకు గజ్జెలు, భేరీల మోత. ఆ ఐదు రోజులూ మా ఇల్లు సత్రమే. అత్తమ్మలు, మేనమామలు, వాళ్ల పిల్లలు, వాళ్లతో వచ్చిన వాళ్ల ఊరివాళ్లు. వాకిట్లో చాపలు చాలక దుకాణంలోని గోనె సంచులు పరిచేవాళ్లం. అప్పుడు మాత్రం ఏ పార్టీవాడు ఏ పార్టీవాడి పక్కన పడుకున్నాడో చూసినవాళ్లు లేరు.

1995లో మున్సిపల్ ఎలక్షన్లు వచ్చాయి. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చాక మూడింట ఒక వంతు సీట్లు ఆడవాళ్లకి పెట్టారు కదా, మా వార్డు ఆ లెక్కలో మహిళలకి పోయింది. నాయిన రెండేళ్ల నుంచి నిలబడాలని ఆశపడుతున్నాడు. రిజర్వేషన్ సంగతి తెలిసిన రోజు దుకాణం తొందరగా మూశాడు. రాత్రి అన్నం తింటూ అమ్మ వైపు చూసి, "నువ్వు నిలబడు. పని నేను చూస్కుంట" అన్నాడు. అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. అప్పటికి దుకాణం లెక్కలు తప్ప ఇంకేమీ రాసింది లేదు. సరేనని గాని కాదని గాని అనలేదు. నాయనమ్మే, "కానియ్యి బిడ్డా, ఇంట్ల కూసుంటే ఏమొస్తది" అంది. ఇండిపెండెంట్‌గా నిలబడి గెలిచింది. నేనప్పుడు తొమ్మిదో తరగతి.

మొదటి నాలుగైదు నెలలు నాయినే కౌన్సిలర్. ఈ మాట రాయడానికి నేను సిగ్గుపడటం లేదు, చాలా ఇళ్లలో జరిగింది, ఇప్పటికీ జరుగుతున్నది ఇదే. మీటింగుకి అమ్మ వెంట నాయిన పోయేవాడు. లోపలికి రానివ్వకపోతే బయట బెంచీ మీద కూర్చునేవాడు. ఇంటికి ఎవరు వచ్చినా "ఏం పని, నాతోని చెప్పు" అనేవాడు. అమ్మ చాయ్ పెట్టేది.

ఒకనాడు పొద్దున్నే ఒక ముసలవ్వ వచ్చింది. గల్లీ చివర గుడిసెలో ఉండేది, ఒక్కతే. "మెంబరమ్మ ఉన్నదా?" అని అడిగింది. నాయిన మామూలుగానే, "నాతోని చెప్పవ్వా" అన్నాడు. ఆమె కర్ర ఆనించుకుని అరుగు మీద కూర్చుంది. "ఓటు నీకెయ్యలే కొడుకా. ఆమెకేసిన. ఆమెనే పిలువు" అంది. నాయినకి కోపం రాలేదు. ఒక నిమిషం అలాగే నిలబడి, లోపలికి తిరిగి అమ్మని పిలిచాడు. అమ్మ చేతికి తడి ఉంది, కొంగుతో తుడుచుకుంటూ వచ్చి ఆ అవ్వ పక్కన కూర్చుంది. పింఛను మూడు నెలల నుంచి రావడం లేదు, అదీ సంగతి. అమ్మ విన్నది. విని, దుకాణంలోకి పోయి, ఉద్దెర ఖాతాలు రాసే పొడుగు పుస్తకాల్లో సగం ఖాళీగా ఉన్న ఒకదాన్ని తీసి, ఆ అవ్వ పేరు రాసింది.

అదే ఈ పుస్తకం. ఎర్ర గుడ్డ అట్ట, నిలువు గీతలు, ముందు పేజీల్లో నాయిన రాసిన చింతపండు, కందిపప్పు, సబ్బుబిళ్లల బాకీలు. సగం దాటాక అమ్మ రాత మొదలవుతుంది. ఆమె గీసుకున్నవి ఐదు గడులు. తేదీ. ఎవరు. ఏం కావాలె. ఎవరికి చెప్పిన. ఐదో గడికి ఆమె పేరేమీ పెట్టలేదు. అది ఖాళీ గడి.

ఆ ఖాళీ గడి కోసమే నేను ఈ ఉత్తరం రాస్తున్నాను.

పని అయితే ఆ గడిలో అమ్మ ఏమీ రాసేది కాదు. ఎవరు అడిగారో వాళ్లే వచ్చి సంతకం పెట్టాలి. సంతకం రానివాళ్లకి దుకాణంలో స్టాంపు ప్యాడు ఉండేది, వేలిముద్ర వేయాలి. లైట్లు వేసే ఆయన వచ్చి "అయిపోయింది అక్కా" అంటే, "నాకు చెప్పకు, ఆ ఇంటోళ్లకు చెప్పు. వాళ్లొచ్చి దస్కతు పెడితే అయినట్టు" అనేది. నాకప్పుడు ఇది చాదస్తమనిపించేది. ఇప్పుడు ఈ పేజీలు తిప్పుతుంటే ఐదో గడి నిండా వంకర సంతకాలు, నీలి బొటనవేళ్లు. కొన్ని ముద్రల్లో వేలి గీతలు కూడా కనిపించవు, బట్టలుతికి, బీడీలు చుట్టి అరిగిపోయిన వేళ్లు.

కొన్ని రాతలు ఉన్నవి ఉన్నట్టు దించుతున్నాను.

"నాలుగో గల్లి చివరి ఇల్లు. నల్ల నాలుగు దినాలాయె రాక. మోటర్లు."

"మోరి నిండింది. బడి పిల్లలు దాటలేకపోతున్రు. జవానుకు చెప్పిన. మల్ల చెప్పిన."

"ముసలామె పించను. నల్గొండ పోవాలె."

అప్పుడు జిల్లా కాగితం ఏది కావాలన్నా నల్గొండే పోవాలి కదా. సూర్యాపేట జిల్లా అయింది 2016 అక్టోబరులో. ఆ పింఛను కోసం అమ్మ నల్గొండకి రెండుసార్లు బస్సెక్కింది. రెండోసారి నన్ను వెంట తీసుకుపోయింది, దరఖాస్తు తప్పుల్లేకుండా రాయడానికి. ముసలవ్వ వేలిముద్ర ఆ వరస పక్కనే ఉంది. మొదటి ముద్ర అదే.

నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మా ఊరికి అప్పుడు తాగే నీళ్లు మూసీవి. అనంతగిరి గుట్టల్లో పుట్టి, హైదరాబాద్ మధ్య నుంచి ఆ ఊరి మురుగంతా మోసుకుంటూ వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ. బిందె మీద తెల్లబట్ట కట్టి వడపోసేవాళ్లం, పటిక తిప్పేవాళ్లం, కాచేవాళ్లం. కాచినా ఒక వాసన ఉండేది. తర్వాత కృష్ణా నీళ్లు వచ్చాయి, మిషన్ భగీరథ వచ్చింది. ఆ మేలు మరిచిపోయి రాస్తే నాకు పాపం తగులుతుంది. కానీ నేను చెప్పేది 1996 ఎండాకాలం. నల్లా మూడు నాలుగు రోజులకోసారి, అదీ అర్ధరాత్రి. గల్లీ మొదట్లో ఉన్న ఇళ్లవాళ్లు నల్లా పైపుకే మోటరు బిగించి గుంజుకునేవాళ్లు. దాంతో చివరి ఇళ్లకి గాలి తప్ప నీళ్లు పోయేవి కావు. రోజూ కొట్లాటలు. ఒక రాత్రి బిందెలు విసురుకునేదాకా పోయింది.

ఆ మోటర్లున్న ఇళ్లలో మాదీ ఒకటి.

అమ్మ ఆ రాత్రి టార్చిలైటు పట్టుకుని గల్లీ చివరిదాకా నడిచింది. తిరిగొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా మా వాకిట్లో కూర్చుని, రెంచీతో మా మోటరు ఊడదీసింది. నాయిన "పిల్లలకు నీళ్లెట్ల?" అని అరిచాడు. "చివరి ఇంటి బిందె నిండినంక మనకొస్తయి" అంది. తెల్లారి ఊడదీసిన మోటరుని అందరికీ కనిపించేలా అరుగు మీద పెట్టింది. వారం రోజుల్లో తక్కినవాళ్లూ తీశారు. ఇద్దరు మాత్రం తీయలేదు. వాళ్లింటికి అమ్మ మాట్లాడటానికి పోతే ఒకాయన మొహం మీదే తలుపేశాడు. ఆ ఇద్దరి పేర్లూ పుస్తకంలో ఉన్నాయి, ఐదో గడి ఖాళీగానే ఉంది. ఆ పేర్లు ఇక్కడ రాయను.

ఆ ఎండాకాలమంతా మేము నీళ్లకి చాలా తిప్పలు పడ్డాం. తమ్ముడికి జ్వరం వచ్చిన రాత్రి కూడా అమ్మ నల్లాల దగ్గరే ఉంది. వాడి నుదుటి మీద తడిగుడ్డ మార్చింది నేను. నాకు అమ్మ మీద చాలా కోపం వచ్చింది, చాలా రోజులు ఉంది. ఊరి పని చేసే ఆడమనిషి ఇంట్లో పిల్లలు ఏం పోగొట్టుకుంటారో నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను.

నెలకోసారి, మొదటి ఆదివారం పొద్దున, అమ్మ అరుగు మీద పుస్తకం తెరిచి గట్టిగా చదివేది. అయినవి చదివేది కాదు, కానివి చదివేది. "ఇది గాలె. రెండుసార్లు పోయిన. మూడోసారి మీరిద్దరు నాతోని రాండ్రి" అనేది. గల్లీవాళ్లు ఎదురింటి మెట్ల మీద, దుకాణం ముందు బియ్యం బస్తాల మీద కూర్చునేవాళ్లు. తిట్టేవాళ్లు కూడా. ఒకాయన "చదువుతవు గని చేసేదేంది" అని లేచి పోయాడు. అమ్మ ఏమీ అనలేదు. మళ్లీ నెల ఆయన మొదలే వచ్చి కూర్చున్నాడు.

2000లో ఎలక్షన్లు వచ్చేసరికి రిజర్వేషన్ మారింది, అమ్మ మళ్లీ నిలబడలేదు. అప్పుడు ప్రతి మనిషికీ రెండు ఓట్లు, ఒకటి కౌన్సిలర్‌కి, ఒకటి నేరుగా చైర్మన్‌కి. 2005 నుంచి చైర్మన్‌ని కౌన్సిలర్లే ఎన్నుకుంటున్నారు. ఏది మంచిదని పెద్దవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. మా గల్లీకి రెండిట్లోనూ తేడా తెలియలేదు. తేడా తెలిసింది ఆదివారం చదువు ఆగిపోయినప్పుడే.

2003లో నా మొదటి కాన్పుకి పుట్టింటికి పోతే ఊళ్లో చెత్తకుండీలే కనిపించలేదు. ఇంటింటికీ ట్రాక్టరు వస్తున్నది. తడి చెత్త ఒక బకెట్టు, పొడి చెత్త ఒక బకెట్టు. తడిదాంతో వానపాముల ఎరువు చేస్తున్నారు. అప్పటి కమిషనర్ ఖాదర్ సాహెబ్ పట్టుబట్టి చేయించిన పని అది. వేరే ఊళ్ల నుంచి అధికారులు చూడటానికి వచ్చేవాళ్లు. పదవిలో లేకపోయినా అమ్మ గల్లీలో ఇల్లిల్లూ తిరిగి, ఏది ఏ బకెట్టులో వేయాలో చెప్పడం నేను కళ్లారా చూశాను. ఒక మంచి అధికారి ఊరిని మార్చగలడని నాకు అక్కడే నమ్మకం కలిగింది. ఆయన చెప్పింది ఇంటి దాకా చేరాలంటే గల్లీలో ఒక మనిషి ఉండాలని కూడా అక్కడే తెలిసింది.

ఇక నేనిప్పుడు ఉంటున్న పట్నం. దాని పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే అది ఒక ఊరి తగాదా అవుతుంది. నా చుట్టాలు నాలుగైదు పట్నాల్లో ఉన్నారు, అందరి దగ్గరా ఇదే మాట వింటున్నాను.

నేను కాపురానికి వచ్చినప్పుడు మా ఇంటి వెనక పత్తి చేను. ఇప్పుడు ఆ చేను లేదు, వెంచరు ఉంది. వెంచరు వెనక ఇంకో వెంచరు ఉంది. పక్క పల్లెని పట్నంలో కలిపారు. ఆ పల్లెవాళ్లకి సర్పంచి ఇల్లు నడిచిపోయేంత దూరంలో ఉండేది, గ్రామసభలో నిలబడి అడిగేవాళ్లు. కలిశాక పన్ను పెరిగింది, వార్డు మెంబర్లు పోయారు, ఎవరిని అడగాలో తెలియకుండా పోయింది. అక్కడి నుంచి మా ఇంటికి పాలు పోసే వదిన ఒకనాడు అంది, "పంచాయతీ ఉన్నప్పుడు తిట్టనీకన్న ఒక మనిషి ఉండె."

రెండేళ్ల కింద మా వీధి మూల మీద, చిన్నపిల్లల బడికి పోయే దారిలో, మోరీ మీది బండ విరిగింది. ఫోనులో ఫిర్యాదు పెట్టాను, ఫొటోతో సహా. మూడో రోజు మెసేజి వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని. సంతోషంగా పోయి చూశాను. గుంత అలాగే ఉంది. మళ్లీ పెట్టాను. మళ్లీ పరిష్కరించబడింది. మూడోసారి ఆఫీసుకే పోతే ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కి పంపారు. చివరికి ఒకాయన కంప్యూటర్ నా వైపు తిప్పి, "ఇదిగో మేడమ్, క్లోజ్ అయింది కదా" అని చూపించాడు. ఆయన తెరని నమ్ముతున్నాడు, నన్ను నమ్మడం లేదు. ఆ వీధి పిల్లలే గుంతలో ఒక తుమ్మకొమ్మ గుచ్చి ఎర్రగుడ్డ కట్టారు. కరెంటు పోయిన ఒక రాత్రి ఆ కొమ్మ కనిపించక, మా ఎదురింటి రిటైర్డ్ టీచరమ్మ అందులో పడింది. తుంటి ఎముక విరిగింది. ఆమె ఇప్పుడు వాకర్ పట్టుకుని గేటుదాకా వస్తుంది, అక్కడి నుంచి వెనక్కి పోతుంది.

ఫోనుల మీద నాకు కోపం లేదు. ఇంటి పర్మిషన్ కోసం పైరవీకారుల చుట్టూ తిరిగే రోజులు తగ్గాయి, చిన్న జాగాలో ఇల్లు కట్టుకునేవాళ్లకి సులువైంది, అది నిజం. నా బాధ అంతా ఐదో గడి గురించే. పని అయిందని రాసేది ఎవరు? మా అమ్మ పుస్తకంలో అడిగిన మనిషి. ఇప్పుడు చేయాల్సినవాళ్లే చేశామని రాసుకుంటున్నారు.

ఇంకో సంగతి. అసలు అడగడానికే మనిషి లేని ఏళ్లు ఎన్ని! 2005లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2010లో తీరింది. మళ్లీ ఎన్నికలు 2014 మార్చి 30న. మధ్యలో మూడున్నరేళ్లు ప్రత్యేకాధికారులు, అంటే ఎన్నికైనవాళ్ల బదులు ప్రభుత్వం కూర్చోబెట్టిన ఉద్యోగులు. ఆ పాలకవర్గాలు 2019 జూలైలో దిగితే మళ్లీ ఎన్నికలు 2020 జనవరి 22న. 2025 జనవరిలో గడువు తీరితే మళ్లీ ప్రత్యేకాధికారే వచ్చాడు, ఎన్నికలు 2026 ఫిబ్రవరిలో గాని జరగలేదు. ఐదేళ్ల గడువు తీరకముందే ఎన్నిక పూర్తి చేయాలని రాజ్యాంగం 243యు అధికరణంలో రాసి ఉంది. వాయిదా వేయకూడదని సుప్రీంకోర్టు 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో చెప్పింది. ఎన్నికైనవాళ్లు లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు కూడా ఆగుతాయి, మీకు నేను చెప్పాలా! ప్రత్యేకాధికారులు చెడ్డవాళ్లని అనడం లేదు. కానీ వాళ్లకి అసలు ఉద్యోగం వేరే ఉంటుంది. రాత్రి పన్నెండింటికి నల్లా దగ్గర టార్చి పట్టుకుని నిలబడమని వాళ్లని ఎవరు అడుగుతారు? అడిగితే న్యాయమా?

2019 మున్సిపాలిటీల చట్టంలో ప్రతి వార్డుకీ నాలుగు కమిటీలు పెట్టారు. యువకులకి ఒకటి, మహిళలకి ఒకటి, వయసు మళ్లినవాళ్లకి ఒకటి, పేరున్న పౌరులకి ఒకటి. ఒక్కోదాంట్లో పదిహేను మంది, అంటే వార్డుకి అరవై మంది. సూర్యాపేటలో ఇప్పుడు 48 వార్డులు, ఆ లెక్కన ఒక్క ఊళ్లోనే 2880 మంది. కాగితం మీద ఇంతకన్నా గొప్ప ఏర్పాటు లేదు. నేను మా చుట్టాల్లో, స్నేహితుల్లో కనీసం ఇరవై ఇళ్లలో అడిగాను. తమ వార్డు కమిటీలో ఎవరున్నారో ఒక్కరు కూడా చెప్పలేకపోయారు. ఇరవై ఇళ్లు పెద్ద లెక్క కాదు. మీరు మీ వీధిలోనే అడిగి చూడండి.

మంత్రిగారూ, నేను అడిగేది కొత్త పథకం కాదు, నిధులు కాదు. ఆ అరవై మందినీ నెలకొక ఆదివారం వార్డులోనే, నడిచి పోగలిగిన చోట కూర్చోబెట్టండి. బడి వరండా అయినా సరే, గుడి మంటపం అయినా సరే, మసీదు ముందు ఖాళీ జాగా అయినా సరే. ఆ నెలలో వచ్చిన ఫిర్యాదులు మైకు లేకుండా, నోటితో చదివించండి. కానివి ముందు చదవాలి. ఫిర్యాదు మూసేయాలంటే పెట్టిన మనిషి సంతకమో వేలిముద్రో, ఫోనులో అయితే ఆ మనిషి ఒప్పుకోలో ఉండాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఇందుకు కొత్త చట్టం కావాలని నేననుకోను. కంప్యూటర్ తెర మీద ఒక్క గడి పెంచితే చాలు.

కలిపిన పల్లెల్లో పాత పంచాయతీ ఆఫీసుకి తాళం వేయకండి. వారానికి రెండు రోజులైనా ఒక ఉద్యోగి అక్కడ కూర్చోవాలి. పల్లె పేరు వార్డు నంబరు కింద పోయింది, కనీసం తలుపన్నా ఉండనివ్వండి.

ఎలక్షన్లు గడువు తీరకముందే పెట్టండి. 2021లో జరగాల్సిన జనగణన జరగక చేతిలో ఉన్నవి 2011 లెక్కలే, ఊళ్లు అప్పటికంటే ఎంతో పెరిగాయి. అందుకే వార్డుల పని, రిజర్వేషన్ల పని గడువుకి ఏడాది ముందే మొదలుపెట్టండి. చివరి నెలలో మొదలుపెడితే కోర్టు కేసులు, వాయిదాలు, మళ్లీ ప్రత్యేకాధికారి. ఈ వరస ప్రజలకి కంఠతా వచ్చేసింది.

ఆడవాళ్లకి ఇప్పుడు సగం సీట్లు. చాలా సంతోషం. గెలిచిన ఆడమనిషి ఇంటికి పోయి "నాతోని చెప్పు" అనే భర్తని దాటి లోపలికి చూడగలిగే అధికారులు కూడా కావాలి. మీటింగులో ఆమె మాట్లాడిందా, ఎవరైనా ఆమె బదులు మాట్లాడారా అన్నది మినిట్స్‌లో రాయించండి. మా నాయిన మంచివాడు. తలుపు ముందు ఒక ముసలవ్వ కూర్చున్నందుకు పక్కకు జరిగాడు. ప్రతి ఇంటి ముందుకీ అలాంటి అవ్వ రాదు.

నాయిన పోయి ఆరేళ్లయింది. దుకాణం మూసేశాం. బైపాస్ పడ్డాక దూరం పోయే బండ్లు ఊరి బయట నుంచే పోతున్నాయి, రాత్రిపూట మా గల్లీ నిశ్శబ్దంగా ఉంటుంది. అమ్మ ఆ ఇంట్లోనే ఉంది, మా దగ్గరికి రమ్మంటే రాదు. మోకాళ్ల నొప్పులు. అయినా పొద్దున, సాయంత్రం అరుగు మీదే కూర్చుంటుంది. ఎవరో ఒకరు వచ్చి రేషన్ కార్డులో పిల్ల పేరు ఎక్కలేదనో, ఇంటి నంబరు తప్పు పడిందనో చెప్తారు. ఆమె ఏమీ చేయలేదు, వాళ్లకీ తెలుసు. చెప్పుకుని పోతారు.

నిన్న ఫోను చేసింది. పుస్తకం చూడటం అయిపోయిందా అని అడిగింది. ఉత్తరం రాస్తున్నానమ్మా, రాశాక పంపిస్తా అన్నాను. "తొందరగ పంపు. పక్కింటామెది ఒకటి రాయాలె. ఇంకా పదకొండు పేజీలు ఖాళీ ఉన్నయి" అంది.

ఇట్లు,
సూర్యాపేట మాజీ కౌన్సిలర్ ఒకామె కూతురు